హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పరిగెత్తడం ఎలా: మీకు ప్రమాదం లేకుండా, పక్కవాళ్లకు చిరాకు లేకుండా

వెనక నుంచి సైకిల్ మీద వచ్చే మనిషి బెల్లు కొడతాడు. వినగానే మీరు పక్కకు జరుగుతారనే ధీమాతో వేగం తగ్గించడు. కారు నడిపేవాళ్లు హారన్ కొట్టినా, నడిచేవాళ్లు "కొంచెం జరగండి" అన్నా అంతే. ఎదుటి మనిషికి వినపడుతుందన్న నమ్మకం మీదే దారిలో సగం వ్యవహారం నడుస్తుంది. మీ చెవిలో పాట మోగుతోందని వెనకున్నవాళ్లకు తెలియదు. కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న క్షణం నుంచి వాళ్ల జాగ్రత్త కూడా మీరే పడాలి. చెవులు చేసే పనిని కళ్లకు అప్పగించాలి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ అప్పగింత ఎలా చేయాలన్నదే.

అసలు పెట్టుకోవద్దని చెప్పేవాళ్లూ ఉన్నారు. నేను అంత దూరం వెళ్లను. మామూలు వేగంతో పరిగెత్తేటప్పుడు పాట వింటే అలుపు తక్కువగా తెలుస్తుంది, ఇంకాస్త దూరం వెళ్లాలనిపిస్తుంది. ఊపిరి అందనంత వేగంగా పరిగెత్తేటప్పుడు మాత్రం ఆ ఉపయోగం బాగా తగ్గిపోతుంది. అప్పుడు ఒంటి బాధ ముందు పాట చెవికి ఎక్కదు. అంటే నెమ్మదిగా సాగే పరుగుకే హెడ్‌ఫోన్స్ బాగా పనికొస్తాయి. వేగం పెంచి చేసే సాధనలో వాటిని తీసేసినా పోయేది పెద్దగా ఉండదు.

1. ముందు దారి చూసుకోండి, పాట తర్వాత

ఎక్కువమంది ఇంట్లోనే బడ్స్ చెవిలో పెట్టుకుని, ప్లేలిస్ట్ మొదలుపెట్టి, ఆ తర్వాత ఎటు వెళ్లాలో ఆలోచిస్తారు. దీన్ని తిరగేయాలి. ఇవాళ ఏ దారిలో పరిగెత్తబోతున్నారో ముందు అనుకోండి. ఆ దారిని బట్టి చెవులు రెండూ తెరిచి ఉంచాలా, ఒకటి మూసినా ఫర్వాలేదా అన్నది తేల్చుకోండి.

వాహనాలు రాని పార్కు, స్టేడియం ట్రాక్, జిమ్‌లోని ట్రెడ్‌మిల్ ఉన్నాయనుకోండి, అక్కడ పెద్ద బెంగ లేదు. ఎత్తుగా, వెడల్పుగా ఉన్న ఫుట్‌పాత్ మీద తక్కువ వాల్యూమ్‌తో వినొచ్చు. ఫుట్‌పాత్ లేని రోడ్డు అంచున అయితే చెవి తెరిచి ఉంచే రకం తప్ప ఇంకేదీ వద్దు. ఇరుకు వంతెన, గుడ్డి మలుపులున్న ఘాట్ రోడ్డు, రైలు పట్టాల పక్క దారి, మనుషులు లేని అడవి బాట: ఈ నాలుగు చోట్లా హెడ్‌ఫోన్స్ జేబులో ఉండాలి.

రైలు పట్టాల సంగతి విడిగా చెప్పాలి. అమెరికాలో 2004 నుంచి 2011 మధ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న పాదచారులకు జరిగిన 116 ప్రమాదాలను మేరీల్యాండ్ యూనివర్సిటీ వైద్యులు పరిశీలించి 2012లో ప్రచురించారు. వాటిలో సగానికి పైగా కేసుల్లో ఢీకొట్టింది రైలే. సుమారు 29 శాతం కేసుల్లో ఢీకొట్టే ముందు హారన్ లాంటి హెచ్చరిక ఏదో మోగించారని నమోదైంది. ఇవి వార్తల నుంచి ఏరిన కేసులు కాబట్టి, హెడ్‌ఫోన్స్ వల్ల ప్రమాదం ఇన్ని రెట్లు పెరుగుతుందని వీటిని బట్టి లెక్క కట్టలేం. కానీ మోగించిన హారన్ కూడా అక్కరకు రాలేదన్న మాట గుర్తుపెట్టుకోవాల్సిందే. పైగా పెద్ద ఆకారం దూరం నుంచి చూస్తే నెమ్మదిగా కదులుతున్నట్టు అనిపిస్తుంది. "రైలు ఇంకా దూరంగానే ఉంది" అని కళ్లు చెప్పే మాటను అంతగా నమ్మకూడదు. బ్రేకు వేసినా రైలు ఆగడానికి కిలోమీటరు పైగా పట్టొచ్చు.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద తప్పనిసరిగా పరిగెత్తాల్సి వస్తే, వాహనాలు ఎదురుగా కనపడే అంచునే పట్టుకోండి. వాహనాలు ఎడమ పక్కన నడిచే దేశాల్లో అది కుడి అంచు, కుడి పక్కన నడిచే దేశాల్లో ఎడమ అంచు. వినపడకపోయినా కనపడుతుంది కదా. ఒక్క మినహాయింపు ఉంది: మీరున్న అంచు వైపే రోడ్డు బాగా తిరిగిపోతుంటే, ఎదుటి నుంచి వచ్చే డ్రైవరుకు మీరు చివరి క్షణం దాకా కనపడరు. అలాంటి మలుపు రాకముందే, దారి ఖాళీగా ఉన్నప్పుడు, అవతలి పక్కకు దాటి, మలుపు అయ్యాక మళ్లీ ఇటు వచ్చేయండి.

2. ఏ రకం పెట్టుకోవాలి

పరుగు కోసమైతే చెవి రంధ్రాన్ని మూయని రకం మంచిది. ఇందులో రెండు తరహాలున్నాయి. బోన్ కండక్షన్ రకం చెవికి ముందు, దవడ పైన ఆనుకుని కూర్చుంటుంది. ఎముక ద్వారా వచ్చే కంపనం నేరుగా లోపలి చెవికి చేరుతుంది, చెవి రంధ్రం ఖాళీగా ఉంటుంది. రెండోది చెవి దగ్గర వేలాడే చిన్న స్పీకర్ లాంటిది, దీన్నే ఓపెన్ ఇయర్ అంటున్నారు. రెండింటిలోనూ పాటతో పాటు బయటి చప్పుడూ వినపడుతుంది. చెవి తెరిచే ఉంది కదా అని వాల్యూమ్ బాగా పెంచితే మాత్రం బయటి చప్పుడు పాటలో మునిగిపోతుంది. లోపలి చెవికి చేరే శబ్దం ఎక్కువైతే అది ఎముక ద్వారా వచ్చినా చేటే.

మీ దగ్గర ఉన్నవి రబ్బరు టిప్పులతో చెవిని బిగించే బడ్స్ అయితే, మొదట చూసుకోవాల్సింది నాయిస్ క్యాన్సిలేషన్. దాన్ని ఆపేయండి. బయటి శబ్దాన్ని చిన్న మైకుతో పట్టి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి, రెండూ కొట్టుకుపోయేలా చేయడం దాని పని. ఇంజిన్ రొద లాంటి ఎడతెగని, లోతైన చప్పుడు మీద అది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. అంటే వెనక వస్తున్న లారీ చప్పుడే ముందు మాయమవుతుంది! విమానంలో వరం లాంటిది, రోడ్డు మీద అదే శాపం.

దానికి బదులు ట్రాన్స్‌పరెన్సీ, యాంబియెంట్ లాంటి పేర్లతో ఉండే మోడ్ పెట్టుకోండి. బయటి చప్పుడును మైకు ద్వారా లోపలికి పంపుతుంది. మూసిన చెవి కంటే ఇది ఎంతో నయం. అయినా తెరిచిన చెవితో సమానం కాదు. గాలి వేగంగా వీస్తే మైకులో బుస్సుమని మోత మొదలవుతుంది, చప్పుడు ఎంత దూరం నుంచి వస్తోందో సరిగా తేలదు. ఇంకో చిక్కేమిటంటే, బడ్‌ను సర్దుకోబోయి వేలు తగిలితే మోడ్ మారిపోతుంది. పరుగు మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, తాకితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్ అయ్యే వీలు లేకుండా చేసుకోండి.

ఒక్క చెవిలోనే పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. రెండూ మూసుకోవడం కంటే మేలే, కానీ అనుకున్నంత కాదు. చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో మెదడు రెండు చెవుల తేడాను బట్టి పోల్చుకుంటుంది. కుడి నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవి కంటే కుడి చెవికి సెకనులో వెయ్యో వంతు కూడా లేని తేడాతో ముందు చేరుతుంది, కొంచెం గట్టిగానూ వినపడుతుంది. ఆ చిన్న తేడాయే దిక్కు చెబుతుంది. ఒక చెవి పాటతో నిండిపోతే ఏదో వస్తోందని తెలుస్తుంది, ఎటు నుంచో చప్పున తెలియదు. సరే, ఒకటే పెట్టుకుంటారనుకుందాం. రోడ్డు ఏ పక్క ఉందో ఆ పక్క చెవిని ఖాళీగా ఉంచి, రెండో చెవిలో పెట్టుకోండి. ఫోన్‌లో మోనో ఆడియో ఆన్ చేసుకుంటే పాటలో సగం వాయిద్యాలు పోకుండా ఒక్క చెవిలోనే అంతా వినపడుతుంది. ఇది యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

వైరు ఉన్నవి వాడేవాళ్లు వైరును చొక్కా లోపలి నుంచి తీసుకోండి. చేతులు ఊపేటప్పుడు తగులుకుని ఫోన్ ఎగిరిపడకుండా ఉంటుంది.

3. వాల్యూమ్ ఎంత

ఫోన్‌లో గీతలు లెక్కపెట్టడం వల్ల లాభం లేదు. ఒక్కో హెడ్‌ఫోన్ ఒక్కోలా మోగుతుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది. మీరు రోజూ పెట్టుకునే వాల్యూమ్‌లో పాట పెట్టి నెమ్మదిగా నడవండి. తెలిసినవాళ్లెవరినైనా ఐదారు మీటర్ల వెనక నడుస్తూ, ఏ క్షణంలో అన్నది మీకు చెప్పకుండా, మామూలు గొంతుతో మీ పేరు పిలవమనండి. వినపడిందా? ఏ పక్క నుంచో తెలిసిందా? రెంటిలో ఏది తేలకపోయినా వాల్యూమ్ తగ్గించి మళ్లీ చూడండి. తేలిన చోటే మీ హద్దు. దాన్ని మించి పెంచవద్దు.

పరిగెత్తేటప్పుడు ఇంకో గుర్తు ఉంది. మీ అడుగుల చప్పుడు, మీ ఊపిరి మీకు వినపడుతూ ఉండాలి. అవే వినపడకపోతే పక్కన వచ్చే సైకిల్ టైరు చప్పుడు వినపడే ప్రసక్తే లేదు. ఎలక్ట్రిక్ వాహనాల సంగతి సరేసరి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు వాటికి ఇంజిన్ మోత ఉండదు. అందుకే యూరోపియన్ యూనియన్‌లో 2021 జులై నుంచి కొత్త ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లన్నీ గంటకు 20 కిలోమీటర్ల వేగం వరకు కృత్రిమంగా చప్పుడు చేస్తూ నడవాలన్న నియమం తెచ్చారు. ఆ పైన టైర్ల మోత ఎలాగూ ఉంటుంది. ఆ చప్పుడు పెట్టిందే మీలాంటి, నాలాంటి పాదచారుల కోసం. మనం వినకపోతే అది ఉండీ ఏం లాభం?

చెవి ఆరోగ్యం లెక్క కూడా చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్స్ శబ్దం వినొచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే కాలం పదో వంతుకు పడిపోతుందన్నమాట. రోడ్డు రొద పెరిగినప్పుడల్లా దాన్ని దాటడానికి వాల్యూమ్ పెంచుతూ పోతే తెలియకుండానే ఈ రెండో లెక్కలోకి వెళ్లిపోతాం. రొద ఎక్కువగా ఉన్న చోట చేయాల్సింది పెంచడం కాదు, ఆపడం. చాలా ఫోన్లలో గరిష్ఠ వాల్యూమ్‌కు కళ్లెం వేసే సెట్టింగ్ ఉంటుంది. పరీక్షలో తేలిన హద్దు దగ్గర దాన్ని పెట్టేసుకుంటే ప్రతిసారీ తంటాలు పడక్కర్లేదు.

4. ఏం వింటున్నారన్నదీ లెక్కే

చెవి తెరిచి ఉన్నా మనసు వేరే చోట ఉంటే వినపడదు. బాగా తెలిసిన పాట చెవిలో తన మానాన నడుస్తుంటుంది, దానికి మనసు పెట్టనక్కర్లేదు. ఉత్కంఠగా సాగే పాడ్‌కాస్ట్, కథ అలా కాదు. తర్వాత ఏమవుతుందా అని మనసంతా అటే పోతుంది, కళ్లు చూస్తున్నా బుర్రకెక్కదు. అన్నిటికంటే అధ్వాన్నం ఫోన్ కాల్. అవతలి మనిషికి మీ ముందు జంక్షన్ ఉందని తెలియదు, మాట ఆపడు. జవాబు చెప్పాలన్న తొందరలో మీరు అటూ ఇటూ చూడటం మానేస్తారు. కాల్ వస్తే ఆగి, పక్కకు జరిగి మాట్లాడండి, లేదా ఇంటికి వెళ్లాక చేస్తానని చెప్పండి.

పరుగులో ఫోన్ తెర చూడాల్సిన అవసరం రాకుండా ప్లేలిస్ట్‌ను ముందే పేర్చుకోండి. పాట నచ్చక మార్చాలనిపిస్తే బటన్‌తోనో, వాచీతోనో మార్చండి. అదీ నేరుగా, ఖాళీగా ఉన్న చోటే.

5. పాట ఆపే చోట్లు ముందే అనుకోండి

పరుగు వేడిలో ఉన్నప్పుడు, అదీ నచ్చిన పాట మంచి ఊపులో ఉన్నప్పుడు, ఆపాలా వద్దా అని ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే దాన్ని అలవాటుగా మార్చుకోవాలి. రోడ్డు దాటే ప్రతి చోటా ఇలా చేయండి: అంచు రాకముందే పాట ఆపేయండి, అంచు దగ్గర కాళ్లు ఆపండి, రెండు పక్కలా తల తిప్పి చూడండి, వాహనం ఉంటే డ్రైవరు మీ వైపు చూశాడని నిర్ధారించుకోండి, అప్పుడు దాటండి. సిగ్నల్ మీకు పచ్చగా ఉన్నా సరే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు ముందుకొస్తుంది. మీరు ఒక పాట మార్చే లోపల అది ఎక్కడుంటుందో ఊహించుకోవచ్చు.

ఒక్క బటన్ నొక్కితే ఆగేలా పెట్టుకోవడం ముఖ్యం. బడ్ చెవిలోంచి తీస్తే పాట దానంతట అదే ఆగే సదుపాయం ఉంటే ఇంకా తేలిక.

రోడ్డు దాటే చోటు మాత్రమే కాదు. పార్కింగ్ లోంచి వాహనాలు బయటికొచ్చే గేట్లు, ఆగి ఉన్న కార్ల వరస (ఎప్పుడు ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియదు), బస్సు ఆగే చోటు, లెవల్ క్రాసింగ్, కుక్కలు గుంపుగా కనపడిన వీధి. ఎక్కడైనా దూరంగా సైరన్ లాంటిది లీలగా వినపడినా వెంటనే ఆపేయండి. అంబులెన్సు ఎటు నుంచి వస్తోందో తెలుసుకుని దారి ఇవ్వడం మీ వంతు.

వెనక్కి చూడటం నేర్చుకోవాల్సిన పని అంటే నవ్వుతారేమో. తల వెనక్కి తిప్పగానే ఒళ్లు కూడా అటే వాలుతుంది, తిన్నగా పోతున్న మనిషి కాస్తా పక్కకు వెళ్లిపోతాడు. ఖాళీ మైదానంలో ఒక గీత మీద పరిగెత్తుతూ, గీత దాటకుండా భుజం మీదుగా వెనక్కి చూడటం సాధన చేయండి. నాలుగైదుసార్లకు కుదిరిపోతుంది. చెవులు మూసుకుని పరిగెత్తేవాళ్లకు ఇంతకు మించిన విద్య లేదు.

6. పక్కవాళ్లతో

ఇతర రన్నర్లకు, నడిచేవాళ్లకు చిరాకు తెప్పించేది పాట కాదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి ఎప్పుడు ఏం చేస్తాడో తెలియకపోవడం. ఉన్నట్టుండి వెనక్కి తిరిగేస్తాడు, లేసు కట్టుకోవడానికి దారి మధ్యలో ఆగిపోతాడు, ఎడమ నుంచి కుడికి కోస్తాడు. కాబట్టి తిన్నగా, ఒక అంచు పట్టుకుని పరిగెత్తండి. ఆగాలన్నా, తిరగాలన్నా, పక్క మారాలన్నా ముందు భుజం మీదుగా వెనక్కి ఒక చూపు, తర్వాత చెయ్యి ఎత్తి సైగ, ఆ తర్వాతే కదలిక. ఆగాక దారిలోంచి పూర్తిగా బయటికి రండి.

మీరు ఎవరినైనా దాటబోతున్నప్పుడు ఇంకో తిరకాసు ఉంది. మీ అడుగుల చప్పుడు మీకు వినపడుతున్నా వాళ్లకు మీ రాక తెలియదనే అనుకోండి. వృద్ధులు, పిల్లలు ఉలిక్కిపడి మీకు అడ్డంగానే జరగొచ్చు. కొన్ని అడుగుల దూరంలో ఉండగానే "మీ కుడి పక్క నుంచి వస్తున్నానండీ" అని చెప్పి, వాళ్లకు చెయ్యి తగలనంత ఎడంగా దాటండి. పాట మోగుతున్నప్పుడు మన గొంతు మనకు తెలియకుండానే పెద్దదవుతుంది. మీరు మామూలుగా అన్నాననుకున్నది వాళ్లకు అరుపులా వినపడుతుంది. ఒక్క క్షణం పాట ఆపి మాట్లాడితే ఆ గొడవ ఉండదు. చేతికర్రతో నడిచే అంధులకు మాత్రం మాటే దారి. సైగలు, చిరునవ్వులు వాళ్లకు అందవు. వాళ్ల పక్క నుంచి పోయేటప్పుడు వేగం తగ్గించి, గొంతు వినిపించి వెళ్లండి.

గుర్రం మీద వెళ్లేవాళ్లు, తాడు పట్టుకుని కుక్కను తిప్పేవాళ్లు ఎదురైతే నడక వేగానికి వచ్చేయండి. వెనక నుంచి నిశ్శబ్దంగా దూసుకొచ్చే మనిషిని చూసి జంతువులు బెదురుతాయి.

స్టేడియం ట్రాక్‌లో పద్ధతి వేరు. లోపలి మొదటి లేన్ వేగంగా పరిగెత్తేవాళ్లది. నెమ్మదిగా పోయేవాళ్లు, నడిచేవాళ్లు బయటి లేన్లలో ఉండాలి. వెనక నుంచి "ట్రాక్!" అని కేక వినపడితే దారి ఇమ్మని అర్థం. ఆ కేక వినలేనంత వాల్యూమ్‌తో మొదటి లేన్‌లో పరిగెత్తడం కంటే పెద్ద అమర్యాద అక్కడ లేదు.

ఎవరైనా ఏదో అడగడానికి ఆపితే బడ్ చెవిలోంచి తీసి మాట్లాడండి. పాట ఆపేసి, బడ్ అలాగే ఉంచి తల ఊపితే, మీకు వినపడుతున్నా వాళ్లకు వినట్లేదనే అనిపిస్తుంది. ఇక హెడ్‌ఫోన్స్ ఎందుకని ఫోన్ స్పీకర్‌లోనే పాటలు పెట్టుకుని పరిగెత్తేవాళ్ల సంగతి. చెవి ఖాళీగా ఉంటుంది, నిజమే. కానీ మీ పాట మీకే ఇష్టం. అంతగా కావాలంటే ఓపెన్ ఇయర్ రకం కొనుక్కోండి.

7. చీకట్లో, ఒంటరిగా

వెలుగు తగ్గాక కళ్ల పని సగమైపోతుంది. అలాంటప్పుడు చెవుల్ని కూడా మూసుకుంటే ఇక మిగిలేది అదృష్టమే. తెల్లవారుజామున, రాత్రిపూట పాట లేకుండా పరిగెత్తడమే నయం. వెలుగుపడితే మెరిసే పట్టీ, చిన్న లైటు పెట్టుకోండి. ఏ దారిలో వెళ్తున్నారో, సుమారు ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఫోన్ లాక్ తెర మీద అత్యవసర నంబరు కనపడేలా పెట్టుకోండి. అపరిచితులు పలకరించకుండా ఉండాలని కొందరు ఆడవాళ్లు పాటేమీ పెట్టకుండా హెడ్‌ఫోన్స్ మాత్రం తగిలించుకుంటారు. మంచి ఉపాయమే, చెవి మూయని రకంతో అయితేనే.

8. పందెం రోజున

పోటీకి పేరు ఇచ్చేటప్పుడే నియమాలు చదవండి. అమెరికాలో యూఎస్‌ఏ ట్రాక్ అండ్ ఫీల్డ్ సంస్థ 2007లో పోటీల్లో హెడ్‌ఫోన్స్‌ను నిషేధించింది. మరుసటి ఏడాది సడలించి, బహుమతుల కోసం పోటీ పడని రన్నర్లకు అనుమతించే అధికారాన్ని నిర్వాహకులకు వదిలేసింది. వాహనాలను పూర్తిగా ఆపని రోడ్ల మీద జరిగే పోటీల్లో బోన్ కండక్షన్ రకాన్ని మాత్రమే రానిచ్చే నిర్వాహకులు కూడా ఉన్నారు. మీ పోటీలో ఏది చెల్లుతుందో తెలుసుకోకుండా వెళ్తే ఫలితం రద్దు కావచ్చు.

అనుమతి ఉన్నా మొదలయ్యే చోట పాట పెట్టకండి. దారి మళ్లింపులు, హెచ్చరికలు మైకులో అప్పుడే చెబుతారు. గుంపు పలచబడ్డాక మొదలుపెట్టి, నీళ్లిచ్చే చోటు వచ్చినప్పుడల్లా ఆపండి. అక్కడ అందరూ ఒకరి ముందు ఒకరు అడ్డం పడుతుంటారు. వాలంటీర్లు చెయ్యి ఊపుతూ ఏదో చెబుతున్నారంటే మీకేనేమో అనుకుని బడ్ తీసి వినండి.

9. ఇంటికొచ్చాక

బడ్స్‌ను మెత్తని పొడి గుడ్డతో తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టి ఛార్జ్ చేయండి. తడిగా పెడితే ఛార్జింగ్ కొనలు పాడవుతాయి. రబ్బరు టిప్పుల్ని ఊడదీసి అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్లలో కడగండి. గులిమి పేరుకుంటే శబ్దం తగ్గినట్టు అనిపించి మళ్లీ వాల్యూమ్ పెంచుతాం. చెమటకు తట్టుకోవాలంటే కనీసం ఐపీఎక్స్4 రేటింగ్ ఉన్నవి తీసుకోండి, అంటే ఏ వైపు నుంచి చిందిన నీళ్లనైనా తట్టుకుంటాయని. చెవిలో దురదో, నొప్పో ఉంటే తగ్గేదాకా వాటిని పెట్టుకోవద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు కూడా. పరుగు అయ్యాక చెవుల్లో గుయ్‌మని మోత వినిపిస్తుంటే వాల్యూమ్ ఎక్కువైందనే అర్థం. రేపటి పరుగుకు ముందు మూడో అంశంలోని పరీక్ష మళ్లీ చేసి హద్దు తగ్గించండి. మోత రెండు మూడు రోజులైనా పోకపోతే చెవి డాక్టరుకు చూపించండి.